కాలిన మోటారును చూసి నేర్చుకున్న పని

తవణంపల్లె వైపు రైతు ఒకాయన బోరు నీళ్లలో మునిగి తిరిగే 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారును ఆటోలో వేసుకుని చిత్తూరులో మా వైండింగ్ షాపుకు, అంటే కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే షాపుకు, తెచ్చాడు. దించుతూనే మొదలుపెట్టాడు: "ఇది మూడోతూరి మేస్త్రీ. రెండేండ్లలో మూడుతూర్లు కాలిపాయ. ముందు రెండుతూర్లు వేరే షాపులో కట్టిస్తిని. ఆడ చెరుకు ఎండిపోతాండాది."

మా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు చురుకైనవాడు. అప్పటికే మోటారు విప్పేశాడు. స్టేటర్‌లోంచి, అంటే మోటారులో తిరగకుండా ఉండే ఇనుప భాగంలోంచి, ఒక కాయిల్ కత్తిరించి తీసి చుట్లు లెక్కపెట్టాడు. 36 వచ్చాయి. తీగ చివర ప్లాస్టిక్ పొర ఒలిచి మైక్రోమీటర్‌తో మందం చూశాడు. రెండూ నోట్‌బుక్‌లో రాసుకుని కొత్త తీగ తూకం వేయబోతుంటే ఆపాను.

"36 అని ఎవరు చెప్పార్రా?"

"మోటారే చెప్పిందన్నా."

"కాలిపోయిన మోటారు కదా అది."

వాడు నవ్వాడు. నేను నవ్వులాటకు అనలేదు.

మన వైపు ఈ పని ఎట్లా నేర్చుకుంటారో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. కంపెనీవాళ్లు లోపల ఎన్ని చుట్లు వేశారో మోటారు మీది ప్లేటులో ఉండదు. హెచ్‌పీ, వోల్టేజీ, ఆంపియర్లు, వేగం, ఇంతవరకే ఉంటాయి. లోపలి సంగతి కావాలంటే పాత వైండింగ్ విప్పి చూసుకోవాలి. స్లాట్లు (తీగ దిగే గాళ్లు) ఎన్ని, కాయిల్ ఏ స్లాటులో మొదలై ఏ స్లాటులోకి దూకింది, చుట్లు ఎన్ని, గేజు (తీగ మందం నంబరు) ఎంత, ఒంటి తీగా జంట తీగా, చివరలు స్టార్‌లో (మూడూ ఒకే చోట) కలిపారా డెల్టాలోనా (ఒకదాని చివర ఇంకోదానికి, త్రికోణంలాగా). దీన్నంతా షాపుల్లో "డేటా" అంటారు. ప్రతి షాపులోనూ నూనె మరకలు పట్టిన నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి ఏడాది నేర్పేది ఒకటే. విప్పు, లెక్కపెట్టు, రాసుకో, ఉన్నది ఉన్నట్టు కట్టు.

దీన్ని నేను తీసిపారేయను. కంపెనీ నుంచి వచ్చిన వైండింగ్‌నే విప్పుతున్నప్పుడు అది ఇంజినీర్లు వేసిన లెక్క. దాన్ని మక్కికి మక్కి దించితే మోటారు మళ్లీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. కానీ మన పల్లెల్లో మోటారు ఒక్కసారి కాలి ఊరుకోదు. నాలుగోసారి, ఐదోసారి షాపుకు వచ్చేసరికి మన ముందున్నది కంపెనీ లెక్క కాదు, మనకు ముందు కట్టినవాడి చేతి పని. వాడు చేసింది ఒప్పో తప్పో, ఎందుకు అట్లా చేశాడో తేల్చుకోవాలంటే చుట్లు లెక్కపెట్టడం వస్తే చాలదు. చుట్టు ఏం పని చేస్తుందో తెలియాలి.

ముందు కాలిన తీరు చూడమన్నాను. కాలిన మోటారు చుట్ల లెక్కలో అబద్ధం చెప్పొచ్చు గానీ, కాలిన మచ్చల్లో చెప్పదు. త్రీ ఫేజ్ మోటారులో, అంటే మూడు తీగల మీద కరెంటు తీసుకునే మోటారులో, మూడు జట్ల కాయిల్స్ ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు ఎగిరిపోయి రెండు ఫేజులే వస్తున్నాయనుకోండి, తిరుగుతున్న మోటారు ఆగదు, అట్లాగే తిరుగుతుంది. మూడు తీగల పని రెండు తీగలు మోయాలి కాబట్టి వాటిలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. 12 ఆంపియర్లు పోవాల్సిన చోట 21 పోతాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మూడింతలు. స్టార్‌లో కలిపిన మోటారైతే రెండు జట్లు బొగ్గవుతాయి, మూడోది ఎర్రగా కొత్త రాగిలాగే ఉంటుంది. డెల్టా అయితే తలకిందులు, ఒక జట్టే ఎక్కువ మాడుతుంది. అదే ఒక్క చోట చిల్లు పడి రాగి కరిగి ముద్దకట్టిందంటే అక్కడ ఇన్సులేషన్ (తీగ మీది రక్షణ పొర) తెగిందని.

ఇదంతా చూడకుండా కాయిల్స్ కోసి చెత్తబుట్టలో పడేసే షాపులే ఎక్కువ. ఒక ఫేజు పోయి కాలిన మోటారును ఎంత బాగా కట్టినా ఏం లాభం? రోగం మోటారులో లేదు, స్తంభం మీద ఉంది. రైతుకు చెప్పాల్సిన మాట "స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించు, ఫేజు పోతే మోటారును అదే ఆపేస్తుంది, రెండు ఫేజుల మీద కండెన్సర్ పెట్టి నడపొద్దు" అని. ఆ మాట చెప్పడం తెలియని మెకానిక్కు మళ్లీ రాగి తీగే అమ్ముతాడు. పాపం, వాడికి మోసం చేయాలని ఉండదు, నిజంగానే తెలియదు. మోసగాడినైతే నాలుగు మాటలని నిలదీయొచ్చు, తెలియనివాడిని ఏమని నిలదీస్తాం?

ఈ రైతు మోటారులో మూడు జట్లూ ఒకే తీరుగా నల్లబడ్డాయి. అంటే ఫేజు పోలేదు. మోటారు మొత్తం మీద వేడెక్కింది.

మొత్తంగా వేడెక్కిందంటే నీళ్ల సంగతి అడగాలి. సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఫ్యాను ఉండదు, బోరులోని నీళ్లే దాన్ని చల్లబరచాలి. మోటారు కింద, పంపు పైన, రెండింటి మధ్య జల్లెడ ఉంటుంది. నీళ్లు జల్లెడలోకి పోతాయి. ఊట మోటారు కంటే కింద ఉంటే నీళ్లు మోటారును ఒరుసుకుంటూ పైకి ఎక్కి జల్లెడలోకి చేరతాయి, దారిలో వేడి లాక్కుపోతాయి. ఊట పైన ఉండి మోటారును దానికి ఇంకా కిందికి దించారనుకోండి. నీళ్లు పైనుంచి దిగి నేరుగా జల్లెడలోకి పోతాయి, మోటారు చుట్టూ ఉన్న నీళ్లు కదలవు. మునిగి ఉండి కూడా మోటారు ఉడికిపోతుంది. మన జిల్లా రాతి నేల. నీళ్లు బండల పగుళ్లలో ఏ లోతున తగులుతాయో బోరు వేసిన రోజు చూసినవాడికే తెలుస్తుంది. అందుకే "యాడ నీళ్లు పడినాయప్పా?" అని అడగని మెకానిక్కును నేను సగం మెకానిక్కు అంటాను. ఊట పైన ఉంటే మోటారు చుట్టూ ఒక గొట్టం తొడిగి, నీళ్లు కింది నుంచి తిరిగి వచ్చేట్టు చేయొచ్చు. ఖర్చు పెద్దది కాదు, తట్టాలి అంతే.

రైతు చెప్పింది విన్నాను. బోరు 600 అడుగులు, మోటారు మొదటినుంచీ ఒకే లోతులో ఉంది, అక్కడే ఆరేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. కాబట్టి నీళ్ల తప్పు కాదు.

కేబుల్ అడిగాను. ఇది కూడా చాలామంది వదిలేసే సంగతే. 1,000 అడుగుల బోరులో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీద 12 ఆంపియర్లు పోతుంటే దారిలోనే సుమారు 25 వోల్టులు కరిగిపోతాయి. చవకగా వస్తుందని 2.5 వేస్తే ఆ నష్టం 40 దాకా పోతుంది. స్టార్టరు దగ్గర మీటరు 380 చూపిస్తుంది, కింద మోటారు తినేది 340. మోటారు లాగే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 415కు బదులు 350 అందితే బలం పది పాళ్లలో మూడు పాళ్ల దాకా పోతుంది. బరువు తగ్గదు, బలం తగ్గింది, మరి ఆ లోటును మోటారు ఎక్కువ కరెంటు లాగి పూడ్చుకుంటుంది. ఆ ఎక్కువ కరెంటే వేడి.

ఈయన కేబుల్ సరిగానే ఉంది. "వోల్టేజీ ఎంత వస్తాదన్నా?" అన్నాను.

"ఇప్పుడు బ్రమ్మాండంగా వస్తాది మేస్త్రీ. ముందు లైను చివర మాదే, 350 వచ్చేది గగనం. రెండేండ్ల కింద మా మడికాడే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినారు. ఇప్పుడు 420."

నోట్‌బుక్‌లో అదే కంపెనీ, అదే సైజు మోటారు ఇంకొకటి వెతికాను. దొరికింది. కంపెనీ వైండింగ్ విప్పి రాసుకున్న పేజీ అది. అక్కడ చుట్లు 40.

ఇక్కడ చుట్టు చేసే పనేమిటో చెప్పక తప్పదు. మోటారుకు ఇచ్చే వోల్టేజీని కాయిల్‌లోని చుట్లు పంచుకుంటాయి. చుట్లు తగ్గితే ఒక్కో చుట్టుకు వచ్చే వాటా పెరుగుతుంది. ఆ వాటాకు సరిపడా అయస్కాంత ప్రవాహం ఇనుములో పారాలి. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం మీదే ఈ పంపకం నడుస్తుంది. 40 చుట్ల చోట 36 ఉంటే అదే వోల్టేజీకి ప్రవాహం 11 శాతం పెరగాలి. ఇనుము చెరువు కాలువ లాంటిది. గట్టుదాకా నిండనంతవరకు ఎంత వదిలితే అంత పారుతుంది. గట్టుదాకా నిండాక ఇంకో చెంబెడు నీళ్లు పారించాలన్నా చాలా కష్టపడాలి. ఇనుము అట్లా నిండిపోయాక, ఇంకొంచెం ప్రవాహం కోసం మోటారు విపరీతంగా కరెంటు లాగుతుంది. పంపు తగిలించకుండా ఉత్తగా తిప్పినా లాగుతుంది. ఆ కరెంటు ఒక్క చుక్క నీటినీ పైకి తేదు, రాగిని కాలుస్తుంది.

మరి 36 వేసినవాడు తెలివితక్కువవాడా? కాదు, వాడే ఈ కథలో అందరికంటే పనితనం తెలిసినవాడు. ఆ రోజుల్లో ఆ పొలానికి 350 వోల్టులు వస్తున్నాయి. 40 చుట్లతో 415కు కట్టిన మోటారు అక్కడ లాగలేకపోతోంది. చుట్లు 36కు తగ్గిస్తే 373కు కట్టిన మోటారు అవుతుంది. 350కి అది సుఖంగా నడుస్తుంది. చుట్లు తగ్గితే స్లాటులో చోటు మిగులుతుంది కాబట్టి ఒక గేజు లావు తీగ కూడా వేసి ఉంటాడు. షాపుల్లో దీన్ని లో వోల్టేజీ వైండింగ్ అంటారు. ఆరేళ్లు మోటారు నడిచిందంటే ఆయన చలవే.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. 373కు కట్టిన మోటారుకు 420 తగిలింది. కాలింది. రెండో షాపులో పిల్లవాడు విప్పాడు, లెక్కపెట్టాడు, 36 రాసుకున్నాడు, 36 కట్టాడు. మళ్లీ కాలింది, మళ్లీ 36. అందులో ఎవరో ఒకరికి ఆ లావు గేజు దొరక్క ఒక నంబరు సన్నది కూడా వేశారు. మా వాడు మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకున్న మందం ఆ సన్న తీగదే. మొదటాయన సరిగ్గా ఆలోచించి చేసిన పని నుంచి ఆలోచన జారిపోయి అంకె మాత్రం మిగిలింది. ఆ అంకెను ఇద్దరు మెకానిక్కులు ఎంతో నిజాయితీగా, ఒక్క చుట్టు అటూ ఇటూ కాకుండా కట్టారు.

ఇంకో తమాషా ఉంది. చుట్లు తక్కువైన మోటారు మొదట్లో మామూలు మోటారు కంటే గట్టిగా లాగుతుంది. ప్రవాహం ఎక్కువ కాబట్టి బలం ఎక్కువ. రైతు ఫోన్ చేసి "ఈతూరి భలే కట్టినావు, నీళ్లు దూకుతాండాయి" అంటాడు. పిల్లవాడు మురిసిపోతాడు. తప్పు చేసిన రోజే మెచ్చుకోలు దొరికితే ఇంక ఎవరు దిద్దుకుంటారు?

దెబ్బ వెంటనే తగలదు. వైండింగ్ ఇన్సులేషన్ విషయంలో ఒక మోటు లెక్క ఉంది. ఉండాల్సిన వేడి కంటే ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. 20 డిగ్రీలు ఎక్కువైతే ఎనిమిదేళ్లు రావాల్సింది రెండేళ్లకే పోతుంది. కొంచెం తప్పు చేసినవాడి మోటారు కాలేది షాపు గ్యారంటీ దాటాక. అప్పటికి రైతు "కరెంటు బాగలేదు" అనుకుంటాడు, మెకానిక్కు "రైతు సరిగా వాడలేదు" అనుకుంటాడు, పని నేర్చుకునే పిల్లవాడైతే ఇంకో షాపుకు మారిపోయి ఉంటాడు. తప్పు చేసిన చెయ్యికీ దాని ఫలితానికీ మధ్య రెండేళ్లు. అందుకే పదేళ్ల అనుభవం ఉందని చెప్పుకునే వాళ్లలో కొందరిది ఒక ఏడాది అనుభవాన్నే పదిసార్లు చేసిన అనుభవం.

ఎవరినో అంటున్నానని కాదు. నాకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉంది, రెండేళ్లు చదివాను, ఓమ్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. షాపులో చేరిన మొదటి ఏడాది ఒక మోనోబ్లాక్ (పంపు, మోటారు ఒకటిగా ఉండే) మోటారుకు 18 గేజు తీగ కావాల్సి వచ్చింది, లేదు. 22 గేజు రెండు తీగలు కలిపి వేశాను. చేత్తో పట్టుకుంటే లావుగానే అనిపించాయి. ఎండాకాలం దాటకుండానే మోటారు తిరిగొచ్చింది. గేజు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుందని నాకు తెలుసు. ఎంత సన్నమవుతుందో లెక్క వేయలేదు. 18 గేజు వ్యాసం 1.219 మిల్లీమీటర్లు, 22 గేజుది 0.711. కరెంటుకు కావాల్సింది వ్యాసం కాదు, కోత వైశాల్యం. అది వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 18కి సరిపోవాలంటే 22 తీగలు మూడు కావాలి. నేను రెండు వేసి, మోటారుకు మూడో వంతు రాగి ఎగ్గొట్టాను. నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, వేడీ అంతే. పరీక్షలో పాసైన సూత్రం చేతిదాకా రాలేదు. కొత్త తీగ డబ్బులు నా జీతంలో కట్ అయ్యాయి. అందుకేనేమో ఆ లెక్క ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు వీడియోలు చూసి వైండింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు. చేతి పని వాటిలో బాగానే కనిపిస్తుంది. కాయిల్ స్లాటులో ఎట్లా దించాలి, కాగితం ఎట్లా మడవాలి, చివరలు ఎట్లా ముడేయాలి. కనిపించనిది ఒకటుంది. కట్టడం అయ్యాక మల్టీమీటర్ పెట్టి "షార్ట్ లేదు" అని సంచిలో వేసేస్తారు. మల్టీమీటర్‌లో ఉండేది చిన్న బ్యాటరీ. కొన్ని వోల్టుల దగ్గర ఆగిన ఇన్సులేషన్ 415 దగ్గర ఆగుతుందని ఎవరు చెప్పారు? ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ తిప్పితే గానీ బలహీనత బయటపడదు. సబ్‌మెర్సిబుల్ అయితే కాయిల్స్‌ను నీళ్లలో నానబెట్టి మరీ చూడాలి. ఈ చిన్న పరీక్ష ఎగ్గొడితే పడే ఖర్చు ఏమిటంటే, 600 అడుగుల నుంచి 20 అడుగుల జీఐ పైపులు ముప్పై, ఒక్కొక్కటే మళ్లీ పైకి లాగడం. ఆ కూలీ మెకానిక్కు ఇవ్వడు.

ఈ తీరు మోటార్లకే పరిమితం కాదు. శ్రీకాళహస్తి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది గానీ మాకు అది మా జిల్లా ఊరే. అక్కడి కలంకారీలో నల్ల గీత గీసే కసిమిని ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేస్తారు. చూడటానికి ఆ ద్రవం నల్లగా ఉండదు. ముందుగా బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయ వగరు బట్టలో ఉంటుంది, కలం నుంచి దిగిన ఇనుము దాన్ని తాకగానే గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీతను పక్కలకు పాకనివ్వదు. కొత్తగా చూసేవాడికి కలం, చెయ్యి, దేవుడి బొమ్మ కనిపిస్తాయి. నలుపు సగం బట్టలోనే ఉందని కనిపించదు. కరక్కాయ నీళ్లు ఎగ్గొట్టినవాడు ఎంత గొప్పగా గీసినా వెలిసిన గోధుమరంగు గీత మిగులుతుంది. అక్కడ ఒక సుఖం ఉంది, తప్పు అప్పటికప్పుడే కంటికి తెలుస్తుంది. మోటారులో ఆ సుఖం లేదు.

అందరూ పెద్ద చదువులు చదివి రావాలని నేను అనడం లేదు. సూత్రాలన్నీ తెలిసి, స్లాటులో కాయిల్ దించబోతే తీగ పొర గీరేసే ఇంజినీరింగ్ పిల్లలను కూడా చూశాను. వైండింగ్ షాపుకు కావాల్సిన లెక్క ఆరు నెలల్లో ఎక్కుతుంది. చుట్టుకు వోల్టేజీ వాటా ఎంత, తీగ కోత ఎంత, వేడి ఎటు పోతుంది, ఏది కాలితే ఎట్లా కాలుతుంది. ఇంతే. దీన్ని మొదటి ఏడాదిలో కాయిల్స్ కడుతూనే నేర్పొచ్చు. నేర్పరు, ఎందుకంటే సీజన్‌లో రోజుకు నాలుగు మోటార్లు వస్తాయి, చెప్పే తీరిక మేస్త్రికి ఉండదు, చెప్పకపోయినా పని ఆగదు. నేనూ మా పిల్లవాడికి ఆ మోటారు వచ్చేదాకా చెప్పలేదు.

40 చుట్లతో, కంపెనీ గేజుతో కట్టాం. నీళ్ల తొట్టిలో నానబెట్టి మెగ్గర్ తిప్పాం. మోటారులో శుభ్రమైన నీళ్లు నింపి, పంపు తగిలించకుండా తిప్పి, మూడు ఫేజుల మీదా టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూశాం. మూడూ సమానంగా, ప్లేటు మీది ఆంపియర్లకు చాలా దిగువన ఉన్నాయి. రైతు మోటారు ఎత్తుకుంటూ "మళ్లా కాలదు గదా?" అన్నాడు. "లైను మారిస్తే, ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే ముందు నాకు ఒక ఫోన్ చెయ్యన్నా" అన్నాను.

సాయంత్రం పిల్లవాడు నోట్‌బుక్ తీసి 36 కొట్టేయబోయాడు. కొట్టేయొద్దు, పక్కన రాయమన్నాను. వాడు వంకర అక్షరాలతో రాశాడు: "350 వోల్టుకు కట్టింది. ఇప్పుడు 420. 40 వేయాల." తర్వాత పాత పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు. అన్నీ అంకెలే. చుట్లు, గేజు, చుట్లు, గేజు.

"అన్నా, వీటిలో ఇట్లాంటివి ఎన్ని ఉంటాయి?"

సగం పేజీలు నా చేతిరాతే. తెలియదురా అన్నాను.